చక్రం కదిలితేనే జీతం

మా నాన్న ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సు నడిపాడు. బస్సు దారిలో మొరాయిస్తే రోడ్డు పక్కన నీడ చూసుకుని కూర్చుని, డిపో నుంచి మెకానిక్కు వచ్చేదాకా కండక్టరుతో కబుర్లు చెప్పేవాడు. ఆ రోజుకీ జీతం వచ్చేది. జ్వరమొస్తే దుప్పటి ముసుగేసుకుని పడుకునేవాడు. దానికీ జీతం వచ్చేది. నేను విమానం నడుపుతాను. నా సంగతి వేరు.

పార్కింగ్ బ్రేకు వదిలిన నిమిషం నుంచి, దిగిన చోట మళ్ళీ ఆ బ్రేకు వేసే నిమిషం దాకా మాత్రమే నాకు గంటలు పడతాయి, ఆ గంటలకే జీతం. ముందుగా వెళ్ళి వాతావరణం కాగితాలు చూసుకోవాలి, దానికి లేదు. ప్రయాణికులు ఎక్కి, సామాన్ల కోసం కొట్టుకుని, సర్దుకుని కూర్చునేసరికి అరగంట, దానికీ లేదు. పొగమంచు పట్టి మూడు గంటలు బెల్టు కట్టుకుని కూర్చుంటే దానికీ లేదు. ఇక స్టాండ్‌బై రోజులున్నాయి. స్నానాల గదిలోకి కూడా ఫోన్ పట్టుకెళ్ళి, పిలిస్తే గంటలో వచ్చి వాలతానని కాచుకుని ఉండాలి. వాటికి అసలే లేదు. యూనిఫాం నేనే కొనుక్కున్నాను. భుజాల మీద బంగారు రంగు పట్టీలు కూడా నేనే కొనుక్కున్నాను. విమానంలో దాహమేస్తే నీళ్ళ సీసా కూడా కొనుక్కోవాలి, కాకపోతే మాకు సగం ధర. అబ్బో, ఎంత దయో!

ఇవేవీ నాన్నకు చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను? నన్ను పైలెట్‌ని చేయడానికి ఆయన ఇంకా ఆరేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం వదిలేశాడు. చేతికొచ్చిందంతా తెచ్చి ఫ్లయింగ్ స్కూలు కౌంటర్లో పెట్టాడు. ఇప్పుడు స్కూలు పిల్లల వ్యాను తోలుతున్నాడు. వ్యానెక్కే ప్రతి పిల్లకీ పిల్లాడికీ నా ఫోటో చూపిస్తాడట. "ఐదొందల గంటలు ఎగిరితే పర్మనెంటు చేస్తారు నాన్నా" అని మాత్రం చెప్పాను. అంతవరకు నిజమే.

మా ఒప్పందం ఏడాదికి. ఆ ఏడాదిలో ఐదొందల గంటలు నిండాలి, ఆపైన కంపెనీ డాక్టరు పరీక్షలో నెగ్గాలి. రెండూ అయితే నెల జీతం, సెలవులు, జబ్బు చేస్తే పడుకునే హక్కు. ఏ ఒక్కటి తప్పినా ఏడాది చివర ఒప్పందం ముగుస్తుంది. అప్పుడు కొత్త ఒప్పందం ఇస్తే ఇస్తారు, ఇచ్చినా మళ్ళీ సున్నా నుంచి మొదలు.

ఎవరు ఏ విమానం ఎక్కాలో రాసే మనిషిని మేం బ్రహ్మ అంటాం. ఎవరి నుదుట ఏం రాస్తాడో ఆయనకే తెలుసు. మనిషి మంచివాడే, ఫోన్లో చాలా మర్యాదగా మాట్లాడతాడు. కానీ నాలుగొందల ఎనభై దాటినవాళ్ళకు మాత్రం ఎందుకో ఆయన కలం ఒక్కసారిగా ఆరిపోతుంది. అడిగితే, "నా చేతుల్లో ఏముందమ్మా, కంప్యూటరు వేస్తుంది" అంటాడు.

విమానాశ్రయం గోడ వెనక వీధిలో, మూడో అంతస్తులో, రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అయిదుగురు ఆడ పైలెట్లం, మూడు మంచాలు. ఒకరు లేచి డ్యూటీకి పోతే ఇంకొకరు వచ్చి ఆ వెచ్చటి పక్క మీదే వాలతారు. ఫ్రిజ్ తలుపు మీద అందరి డ్యూటీ కాగితాలు, ఫ్రిజ్ లోపల పాల సీసాల మీద ఎవరి పేరు వాళ్ళు రాసిన టేపు ముక్కలు. ఆకాశంలో నూట ఎనభై మంది ప్రాణాలు నమ్మకంగా చేతిలో పెడతారు గానీ, ఇంట్లో పాల సీసా దగ్గర ఎవరినీ ఎవరూ నమ్మరు.

మా అయిదుగురిలో ఒకామెను తొంభై ఆరు అని పిలుస్తాం. ఆమె మొదటి ఏడాది నాలుగొందల తొంభై ఆరు గంటల దగ్గర ఆగిపోయింది. ఆఖరి పదకొండు రోజులూ స్టాండ్‌బై తప్ప ఒక్క విమానం రాలేదు. మొదట్లో ఆమెను ఏడిపించడానికి అన్నదే, తర్వాత పేరైపోయింది. ఆమె కూడా పలుకుతుంది.

నా ఏడాది ముగియడానికి రెండు రోజులుంది. నావి నాలుగొందల తొంభై నాలుగు. ఫోన్ మోగదు. దానికి తోడు జలుబు పట్టింది. మామూలు జలుబు కాదు, తలంతా దిమ్మెక్కి, ముక్కు రెండు వైపులా బిగుసుకుపోయి, నా మాట నాకే బావిలోంచి వస్తున్నట్టుంది.

ఆ పొద్దున నాన్న ఫోన్ చేశాడు.

"ఏంటమ్మా గొంతు అలా ఉంది?"

"జలుబు నాన్నా."

"సెలవు పెట్టు."

"చూస్తాలే."

"చూస్తానంటే కుదరదు. అడగాలి. అడిగితే ఇస్తారమ్మా. మా డిపో మేనేజరు రాక్షసుడు, వాడే ఇచ్చేవాడు. మీవాళ్ళు చదువుకున్నవాళ్ళు, ఎందుకివ్వరు?" వెనక నుంచి అమ్మ ఏదో అంటోంది. "మీ అమ్మ ఆవిరి పట్టమంటోంది. పట్టావా?"

"పట్టాను." పట్టలేదు. గ్యాసు అయిపోయి రెండు రోజులైంది.

"ఇంకెన్ని గంటలు?"

"ఆరు."

"ఆరేనా! ఓసి పిచ్చిదానా, ఆరంటే ఎంత, అటెళ్ళి ఇటొస్తే అయిపోలా?"

నాన్న ఫోన్ పెట్టేసిన పది నిమిషాలకు బ్రహ్మ చేశాడు. మర్యాదగానే. "అమ్మా, ఒకళ్ళు జబ్బుతో పడిపోయారు. మధ్యాహ్నం విమానం, వెళ్ళేది మూడు గంటలు, వచ్చేది మూడు గంటలు. చేస్తావా? లేకపోతే వేరేవాళ్ళని చూసుకుంటా." సరిగ్గా ఆరు. దేవుడు ఉన్నాడనిపించింది, ఆ వెంటనే నా ముక్కు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. "చేస్తాను సార్" అన్నాను.

తొంభై ఆరు పక్క మంచం మీద లేచి కూర్చుంది.

"ఏమే, ముక్కు మూసుకుని ఊదు."

జలుబు చేసినప్పుడు పైలెట్లందరం చేసే పరీక్ష అదే. ముక్కు గట్టిగా పట్టుకుని, నోరు మూసి లోపలికి గాలి ఊదితే చెవులు టప్పున తెరుచుకోవాలి. కుడి చెవి తెరుచుకుంది. ఎడమది తెరుచుకోలేదు. మళ్ళీ ఊదాను. కళ్ళు బయటికొచ్చేంత ఊదాను.

"తెరుచుకుంది" అన్నాను.

"నా దగ్గరా నీ అబద్ధాలు? వెళ్ళకు. పైకెక్కేటప్పుడు ఏమీ తెలీదు, దిగేటప్పుడు చెవి చిరుగుతుంది. చిరిగిన చెవితో ఆ డాక్టరు నిన్ను పాస్ చేస్తాడా?"

"వెళ్ళకపోతే?"

తొంభై ఆరు దుప్పటి మడతపెట్టింది. అది నా దుప్పటి. "వెళ్ళకపోతే మనిద్దరం ఇక్కడే ఉంటాం" అంది. లేచి, తన సంచిలోంచి ముక్కులో వేసుకునే చుక్కల మందు తీసి నా చేతిలో పెట్టింది. "దిగడానికి అరగంట ముందు వేసుకో. మర్చిపోకు తల్లీ."

డ్యూటీ ఎక్కే ముందు కంపెనీ ట్యాబ్లెట్లో ఒక ప్రశ్న వస్తుంది. నేను ఈ ప్రయాణానికి పూర్తి ఆరోగ్యంతో ఉన్నాను. కింద అవును, కాదు. కాదు అని నొక్కితే ఎవరూ ఏమీ అనరు. "జాగ్రత్తమ్మా, విశ్రాంతి తీసుకో" అంటారు. మూడుసార్లు నొక్కినవాళ్ళ ఫోన్ నంబరు బ్రహ్మకు గుర్తుండదు, అంతే. నేను అవును నొక్కాను.

ఆ రోజు కెప్టెన్‌ను మేమందరం పెద్దాయన అంటాం. రిటైర్ కావడానికి రెండేళ్ళుంది. ఇలాంటి ఒప్పందాలు రాకముందు చేరినవాడు, అందుకని ఆయనకు నెల జీతం. ఆ సంగతికి ఆయనే సిగ్గుపడుతున్నట్టు కొత్త పైలెట్లకు నీళ్ళ సీసాలు కొనిపెడుతుంటాడు. నన్ను చూడగానే ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. ఏమీ అడగలేదు. నేనూ మాట్లాడవలసినవి తప్ప మాట్లాడలేదు.

వెళ్ళేటప్పుడు దిగడం మొదలవగానే ఎడమ చెవిలో ఎవరో పెన్సిలు పెట్టి మెల్లగా నొక్కుతున్నట్టు మొదలైంది. చుక్కలు వేశాను. ముక్కు మూసుకుని ఊదాను. మింగాను. దవడ అటూ ఇటూ తిప్పాను. రేడియోలో కంట్రోల్ టవరు అధికారి ఎత్తు చెబితే తిరిగి ఆ అంకెలే చెప్పాలి. ఒక అంకె తప్పు చెప్పాను. పెద్దాయన సరిదిద్దాడు. దిగేశాం. బ్రేకు వేశాక గడియారం చూశాను. మూడు గంటల ఐదు నిమిషాలు.

ప్రయాణికులు దిగుతున్నారు. పెద్దాయన తన సీటు వెనక్కి జరిపి నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, చెవి ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్."

"నేను ముప్ఫై నాలుగేళ్ళుగా ఎగురుతున్నా. నా దగ్గర చెప్పకు. నువ్విక్కడ దిగిపో. నీ బదులు ఇంకొకరు వచ్చేదాకా విమానం ఇక్కడే ఉంటుంది. ఉండనీ. ఆ నూట ఎనభై మందీ రేపు వెళ్తారు. నన్ను తిడతారు, పడతా. నేను ఫోన్ చేస్తా."

"సార్, వద్దు సార్."

"ఎందుకొద్దు?"

"రెండు గంటల యాభై ఐదు నిమిషాలు కావాలి సార్. ఎల్లుండితో నా ఏడాది అయిపోతుంది."

ఏడవకూడదనే అనుకున్నాను. ఏడ్చాను. కాళ్ళావేళ్ళా పడడమంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, కాకపోతే కాక్‌పిట్‌లో వంగడానికి చోటు ఉండదు. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ తీశాడు.

"నేను చేసేది తప్పు" అన్నాడు. నాతో కాదు, ఎదురుగా ఉన్న మీటర్లతో. తర్వాత తిరుగు ప్రయాణం కాగితం మీద సంతకం పెట్టాడు. "విమానం నేనే నడుపుతా. నువ్వు రేడియో చూడు, చెక్‌లిస్టు చదువు. ఇంకేదీ ముట్టుకోకు."

అప్పటికే కొత్త ప్రయాణికులు ఎక్కుతున్నారు. ఒక పెద్దావిడ తలుపు దగ్గర తొంగి చూసి, "ఆడపిల్ల! ఎంత ముచ్చటగా ఉందో" అంది. నేను నవ్వాను. నిజం చెప్పాలంటే ఆవిడ నన్ను చెంపదెబ్బ కొట్టి ఉండాల్సింది. సరిగ్గా వినపడని మనిషిని రేడియో ముందు కూర్చోబెట్టి ఆవిడ ప్రాణం మీదికి తెస్తున్నాను, కేవలం నా ఐదొందల కోసం. అది నాకు తెలుసు. ఇప్పుడు నేను కంపెనీని ఎంత తిట్టినా ఆ ముక్క నా మీదినుంచి పోదు.

తిరుగు ప్రయాణంలో వెనక నుంచి గాలి వచ్చింది. గట్టి గాలి. మామూలుగా అయితే పండగే, ముందుగా చేరతాం, ఇంధనం మిగులుతుంది. చేరే సమయం తెర మీద ఒక్కొక్క నిమిషమే తగ్గుతుంటే నా గంటల్లోంచి ఎన్ని పోతున్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. పెద్దాయన వేగం తగ్గించాడు. ఎంత తగ్గించగలడు? వెనక విమానాలున్నాయి, కంట్రోల్ టవరు ఊరుకోదు.

దిగడం మొదలైంది. ఈసారి పెన్సిలు కాదు, మేకు. చుక్కల సీసా ఖాళీ. ఊదాను, ఊదాను. ఏడు వేల అడుగుల దగ్గర ఎడమ చెవిలో పాత గుడ్డ చింపినట్టు శబ్దమైంది. వెచ్చగా ఏదో మెడ మీదికి కారింది. నొప్పి చప్పున పోయింది. హమ్మయ్య అనుకున్నాను, అంత పిచ్చిదాన్ని. మరుక్షణం ఎదుట ఉన్న మీటర్లన్నీ ఒక పక్కకు జారడం మొదలుపెట్టాయి. విమానం ఒరిగిపోతోందనుకుని చెయ్యి చాచబోయాను.

"ముట్టుకోకు!" పెద్దాయన అరుపు కుడి చెవికి మాత్రమే వినిపించింది. "విమానం తిన్నగానే ఉంది. నీ తల తిరుగుతోంది. కళ్ళు ఒక్కచోట నిలుపు. లిస్టు చదువు."

చదివాను. అక్షరాలు ఈదుతున్నా చదివాను. ఒక్కో వరుస కింద వేలు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లలా. ఆయన ఒక్కడే రేడియో చూసుకుంటూ, విమానం చూసుకుంటూ, నన్ను చూసుకుంటూ దించాడు. ఎంత మెత్తగా దించాడంటే వెనక ఎవరో చప్పట్లు కొట్టారు.

రన్‌వే వదిలాక ఆయన పెళ్ళి ఊరేగింపు కారు నడిపినట్టు నడిపాడు. అయినా విమానం నిలిపే చోటు వచ్చేసింది. చక్రాలు గీత మీద ఆగాయి. ఇక బ్రేకు వెయ్యాలి. వేస్తే నా గడియారం ఆగుతుంది.

"ఎంతయింది?" అన్నాడు.

"రెండు నలభై ఏడు." ఎనిమిది నిమిషాలు తక్కువ.

ఆయన బ్రేకు మీటను ముట్టుకోలేదు. రెండు కాళ్ళతో పెడళ్ళు అదిమి పట్టి విమానాన్ని అలాగే నిలిపాడు. ఇంజన్లు తిరుగుతూనే ఉన్నాయి. కింద చక్రాల కింద దిమ్మలు పెట్టేవాడు పైకి చూసి, ఏమైంది అన్నట్టు చేతులు తిప్పాడు. పెద్దాయన ఆగమని చెయ్యి చూపించాడు. లోపల ప్రయాణికులు లేచి పెట్టెలు దించుతున్న చప్పుడు. క్యాబిన్ ఇన్‌చార్జి అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, జనం గోల చేస్తున్నారు."

"బయట చిన్న ఇబ్బంది ఉందమ్మా. కూర్చోమను."

మూడు నిమిషాలు. కింద ఇంకో ఇద్దరు వచ్చి చేరారు. ఒకడు రేడియోలో, "సార్, ఏదైనా సమస్యా?" అన్నాడు. "సమస్యే" అన్నాడు పెద్దాయన. అయిదు నిమిషాలు. ఎవరో తలుపు మీద దబదబా బాదారు. ఆయన మోకాళ్ళు వణకడం కనిపిస్తోంది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, అరవై టన్నుల విమానాన్ని నా కోసం కాళ్ళతో పట్టుకుని కూర్చున్నాడు. ఇంత మంచితనం ఇంతకంటే దండగైన పనికి ఎవరూ ఖర్చుపెట్టి ఉండరు. అది అప్పటికి నాకు తట్టలేదు, ఆయనకు తెలుసేమో.

"అయిందా?"

"ఇంకొక్కటి సార్."

ఆ నిమిషం కూడా అయింది. ఇంకా నమ్మకం చాలక మరో నిమిషం పట్టుకున్నాడు. తర్వాత బ్రేకు వేశాడు. కాళ్ళు తీసి రెండు చేతులతో మోకాళ్ళు రుద్దుకున్నాడు. జేబులోంచి రుమాలు తీసి ఇచ్చి, నా మెడ వైపు చూపించాడు. "తుడుచుకో. జనం చూస్తే భయపడతారు."

నాలుగొందల తొంభై నాలుగు, ఆరు. ఐదొందలు. ఒక నిమిషం ఎక్కువ కూడా.

డాక్టరు పరీక్ష మర్నాడే. చెవిలో దూది పెట్టుకుని వెళ్ళి, గుమ్మంలో తీసేశాను. ఎంత తెలివి! చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినిపించినప్పుడల్లా బొత్తాం నొక్కమన్నారు. కుడి చెవికి నొక్కాను. తర్వాత చాలాసేపు ఏమీ వినపడలేదు. ఊరికే కూర్చోవడం బాగుండదని రెండుసార్లు ఊరికే నొక్కాను. డాక్టరు బయటినుంచి అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు.

"చిల్లు పూడుతుందమ్మా, రెండు మూడు నెలలు" అన్నాడు, దీపం ఆర్పి. "వినికిడి లోపలిదాకా దెబ్బతిన్నట్టుంది. అది తిరిగొస్తుందని నేను మాటివ్వలేను. ఈ జలుబుతో ఎందుకెక్కావు?"

ఆయన మీద అరవాలనిపించింది. దూది తీసి మళ్ళీ చెవిలో పెట్టుకున్నాను.

ఆఖరి రోజు ఆఫీసులో అమ్మాయి కాగితాలు ఇచ్చింది. నాకంటే చిన్నది, పాపం, గోళ్ళు కొరుక్కుంటోంది. "మీ గంటలు నిండాయి మేడమ్, కంగ్రాట్స్. కానీ ఆరోగ్య పరీక్షలో నెగ్గలేదు కాబట్టి ఖాయం చేయడం కుదరదు. ఒప్పందం ఈరోజుతో ముగుస్తుంది."

"చెవి తగ్గాక వస్తే ఈ ఐదొందలు లెక్కలోకి వస్తాయా?"

"ఈ ఒప్పందం గంటలు ఈ ఒప్పందానికే మేడమ్. మళ్ళీ చేరితే మొదట్నుంచి." అంటూ ఆగి, "ఆ రోజు విమానం ఆగాక కూడా తొమ్మిది నిమిషాలు బ్రేకు ఎందుకు వెయ్యలేదో మీ కెప్టెన్‌ని సంజాయిషీ అడిగారు. మీకేమైనా తెలుసా?" అంది.

"తెలీదు" అన్నాను. ఆయన కూడా ఏమీ రాయలేదట.

గదికి వచ్చేసరికి నా మంచం మీద కొత్తమ్మాయి పడుకుని ఉంది. బూట్లు కూడా విప్పలేదు. తొంభై ఆరు నా బట్టలు సర్దిపెట్టింది. ముందే చెప్పానుగా అనే మాట అనలేదు. అని ఉంటే ఆమెతోనైనా పోట్లాడేదాన్ని. ఫ్రిజ్ మీద నా డ్యూటీ కాగితం తీసేసిన చోట టేపు ముక్క మాత్రం మిగిలింది. మెట్ల మీద కూర్చుని ఉండగా నాన్న ఫోన్ వచ్చింది. కుడి చెవికి పెట్టుకున్నాను.

"నిండాయా అమ్మా?"

"నిండాయి నాన్నా. ఐదొందలు."

ఆయన ఫోన్ పక్కకు పెట్టి అమ్మను కేకేశాడు. "నిండాయంటే! ఐదొందలు!" మళ్ళీ నాతో, "అయితే పర్మనెంటేగా?"

"ఆఁ."

"జలుబు తగ్గిందా? సెలవు అడిగావా, లేదా?"

"అడక్కుండానే ఇచ్చారు."

"ఎన్ని రోజులు?"

"చాలా రోజులు నాన్నా. రేపు ఇంటికొస్తున్నా."

ఇరవై ఆరేళ్ళ డిపో మనిషి, అడగాల్సింది అడిగాడు. "జీతంతోనేనా?"

ఏదో విమానం దిగుతున్న చప్పుడు వస్తోంది. అది ఏ వైపు నుంచి వస్తోందో నాకు తెలియడం లేదు.

"జీతంతోనే" అన్నాను.

"చూశావా! నేను చెప్పలా, అడిగితే ఇస్తారని? నువ్వు ఊరికే భయపడతావు." "మంచి కంపెనీ అమ్మా. వదులుకోకు. నమ్మకంగా పనిచెయ్యి."

"సరే నాన్నా" అన్నాను.